ఆరు దినములలో అయిదు గెలుపులు

చిన్న పాఠశాల జట్టు పెద్ద పాఠశాల జట్టుతో ఆడవలసివచ్చినప్పుడు మన బాలురలో కొందరు ఆటకు ముందే మనస్సున ఓడిపోవుదురు. “వారు ఎందరు, మనమెందరము!” అని నిట్టూర్తురు. ఇట్టివారు అమెరికాలోని సువానీ కళాశాల జట్టు 1899వ సంవత్సరమున ఆడిన ఆటల వృత్తాంతమును తెలిసికొనుట మేలు.

టెన్నెసీ రాష్ట్రమున కంబర్లాండు పీఠభూమిమీద, అడవుల నడుమ, సువానీ యను చిన్న యూరు కలదు. ఎపిస్కోపలు సంఘమువారు 1857లో స్థాపించిన దక్షిణ విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నది. పేరు గొప్పదే గాని విద్యార్థుల సంఖ్య స్వల్పము.

ఆ దేశమువారు ఫుట్‌బాలని పిలుచునది మనము కాలితో తన్ని యాడు బంతియాట గాదు. ఆ బంతి కోలగా నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును. పక్షమునకు 11 మంది. బంతి గలవాడు ఎదుటివారి చివరి గీతను దాటవలెను. వారు వానిని పట్టి పడవేయుదురు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుట వంటిదే యనుకొనుడు. అయితే ఇచ్చట తక్కినవారందరును ఒక్కుమ్మడిగా ఒకరినొకరు త్రోసికొందురు. ఆనాటి నిబంధనలు మిక్కిలి కఠినములు. మూడు ప్రయత్నములలో 5 గజములు ముందుకు సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. బంతిని ముందుకు విసరుట 1906 వరకు నిషిద్ధము. కావున గుంపును చీల్చుకొని పోవుటయే గతి. ఆట విడిచి బయటకు వచ్చినవాడు ఆ యాటలో మరల చేరరాదు. గీత దాటినచో 5 పాయింట్లు; పిమ్మట బంతిని తన్ని గుంజల నడుమ అడ్డుకఱ్ఱ పైనుండి పోనిచ్చినచో మఱియొకటి.

సువానీ జట్టునకు శిక్షకుడు బిల్లీ సూటరు, నాయకుడు హెన్రీ సీబెల్సు. ఏర్పాటులన్నియు చూచినవాడు లూక్ లీ యను విద్యార్థి. ఇతడు తరువాత 1911 మొదలు 1917 వరకు అమెరికా సెనేటు సభ్యుడుగా నుండెను. ఆ యేడు పొరుగుననున్న వాండర్‌బిల్టు వారితో టిక్కెట్ల రాబడి పంపకమును గూర్చి తగవు వచ్చి వారితో ఆట లేకపోయెను. ఆ లోటు పూడ్చుటకై లీ దూరదేశ యాత్ర నొకదానిని ఏర్పరచెను.

మొదటి నాలుగు ఆటలలో ఒక్క పాయింటైనను ఇయ్యక గెలిచిన జట్టు, నవంబరులో రైలెక్కెను. 9వ తేదీన ఆస్టిన్‌లో టెక్సాసు విశ్వవిద్యాలయమును 12–0తోను, 10న హ్యూస్టన్‌లో టెక్సాసు వ్యవసాయ కళాశాలను 10–0తోను, 11న న్యూ ఆర్లియన్సులో టులేనును 23–0తోను ఓడించిరి. 12వ తేదీ ఆదివారము. ఆనాడు ఆట లేదు. 13న బాటన్ రూజ్‌లో లూసియానా వారిపై 34–0, 14న మెంఫిసులో మిసిసిపీ వారిపై 12–0. ఆరు దినములలో అయిదు ఆటలు. తమకు 91 పాయింట్లు, ఎదుటివారికి సున్న! యాత్ర మొత్తము సుమారు 2,500 మైళ్లు. మనము హైదరాబాదునుండి ఢిల్లీకి రైలులో పోయి మరల వచ్చినను ఇంచుమించు 2,000 మైళ్లే యగును. పగలు ఆట, రాత్రి రైలులో నిద్ర.

వెళ్లిన ఆటగాండ్రు సుమారు ఇరువదిమందియే. క్రొత్త ఊళ్ల నీటివలన జబ్బు చేయునేమోయని తమ కొండయూట నీటిని పీపాలతో వెంట గొనిపోయిరని చెప్పుదురు. బూట్ల మూట స్టేషనులోనే మఱచిపోగా తంతి కొట్టి తెప్పించుకొనిరనియు చెప్పుదురు. బలముతోపాటు ఇట్టి జాగరూకతయు వారి గెలుపునకు తోడ్పడెను.

అయినను కఠినపరీక్ష యాత్ర ముగిసిన తరువాతనే వచ్చెను. నవంబరు 30న మాంట్‌గోమరీలో ఆబర్ను జట్టు వారిపై 10 పాయింట్లు సంపాదించెను. సువానీ వారు 11తో గట్టెక్కిరి. అనగా ఒక్క తన్నుతో వచ్చిన పాయింటే జయమును తేల్చెను. రెండు దినములకే అట్లాంటాలో ఉత్తర కరోలినా వారిని 5–0తో గెలిచి దక్షిణదేశపు ఛాంపియనులైరి. ఆ యేడు ఆడిన 12 ఆటలును గెలుపులే. మొత్తము 322 పాయింట్లకు ఎదుటివారివి 10 మాత్రమే.

దీనిని విని ఆరు దినములలో అయిదు ఆటలు ఆడబూనుట వివేకము గాదు. ఆనాటి ఆట మిక్కిలి మోటైనది. 1905లో పలువురు ఆటగాండ్రు మరణించుటచేతనే నిబంధనలు మార్చవలసివచ్చెను. మఱియు ఆ విజయము శాశ్వతముగా నిలువలేదు. 1932లో పెద్ద విశ్వవిద్యాలయములతో గూడి ఆగ్నేయ సమాఖ్యను స్థాపించిన వారిలో సువానీయు నుండెను గాని, ఆ సమాఖ్యలోని పోటీలలో ఒక్క గెలుపైనను పొందజాలక 1940లో వైదొలగెను. నేడు ఆటగాండ్రకు ఆటకై విద్యార్థివేతనములు ఇయ్యని కళాశాలల తరగతిలో ఆడుచున్నది.

ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. బంతియాటకై విద్యాలయము వెలయలేదు. విద్యార్థులకై బంతియాట యేర్పడినది. తమ శక్తికి మించిన పందెమునుండి తప్పుకొని, ఆటను మాత్రము విడువకుండుట కూడ పౌరుషమే. బాలురారా, రాబోవు పోటీలలో ఎదుటి జట్టు తలలు లెక్కించుటకు ముందు మీ బూట్లు, మీ నీరు, మీ నిద్ర సరిగానున్నవో చూచుకొనుడు. అంతవరకు మీ చేతిలోని పనియే.