మట్టి క్రింది గుడి, అడవి లోపలి నగరము

మధ్య అమెరికా మహారణ్యములలో మునిగిపోయిన మాయా జాతివారి నగరములను గూర్చి చదివినప్పుడెల్ల, సోలాపూరులోని కుమఠా నాకాలో మరమగ్గముల చప్పుడు నడుమ పుట్టి పెరిగిన మన యువకులకు, అట్టి అద్భుతము తమ పొలిమేరలలో ఏల లేదో యను చింత కలుగవచ్చును. వారు ముందుగా దక్షిణ సోలాపూర్ తాలూకాలో, భీమా సీనా నదులు సంగమించు హత్తరసంగ్ కూడలుకు పోయి రావలెను. అచ్చటి హరిహరేశ్వరాలయము ఇరువదవ శతాబ్దపు తుదివరకును మట్టిదిబ్బ క్రిందనే యుండి, త్రవ్వకములచే వెలుగు చూచినది. అందలి శివలింగముపై వరుసలు వరుసలుగా 359 చిన్న ముఖములు మలచబడియున్నవి. సమీపించి ఒక్కొక్క వరుసను పరికించినగాని ఆ శిల్పి ఓర్పు మనకు పట్టుబడదు. ప్రక్కనున్న సంగమేశ్వరాలయపు దూలముపై క్రీ.శ. 1018 నాటి మరాఠీ శాసనము కలదు.

కూడలు గుడిని కప్పినది మట్టి; గ్వాటిమాలా దేశపు పెటేన్ అరణ్యములోని టికాల్ అను మాయా నగరమును మ్రింగినది చెట్లు. అనావృష్టియు, రాజుల పరస్పర కలహములును జనులను చెదరగొట్టగా, 869 తరువాత అక్కడ తేదీ చెక్కిన శిలాస్తంభము నిలిచిన జాడ లేదు. చెట్లు నరకువారు కరవైన పిదప, సున్నపు అతుకులలో పడిన విత్తనములు మొలచి, వేళ్లు రాళ్లను విడదీయగా, సుమారు 65 మీటర్ల ఎత్తుగల నాల్గవ ఆలయము సైతము చూచువారికి కొండవలె తోచినది. 1839లో స్టీఫెన్స్ అను రచయితయు, కాథర్‌వుడ్ అను చిత్రకారుడును కోపాన్ అను మరియొక మాయా నగరపు శిథిలములను జొచ్చి వ్రాసిన గ్రంథమును, గీసిన చిత్రములును బయటి ప్రపంచమున ఆసక్తి రేపెను. నేటి యాత్రికుడు అడవిదారి నడచి, చెట్లకొమ్మలపైకి లేచిన గోపురమును చూచి నివ్వెరపోవుట సహజము. కాని ఆ జాతియే నశించెనని తలచుట మహాపరాధము. మాయా భాషలు సుమారు ముప్పది నేటికిని లక్షలాది జనుల నోట బ్రతికియున్నవి.

గోపురములను చూచిన పిదప మన నేతవాడు మాయా జనుల కొండ గ్రామములకు తప్పక పోవలెనని నా కోరిక. అచ్చట స్త్రీ పడుగు ఒక కొనను చెట్టునకో స్తంభమునకో కట్టి, రెండవ కొనను తోలుపట్టీతో నడుమునకు బిగించి కూర్చుండును. గుంటమగ్గమున దూలములు చేయు పనిని ఆమె నడుమే చేయుచు, వెనుకకు వాలినప్పుడు పడుగు బిగియును, ముందునకు వంగినప్పుడు వదులగును.