లైను 30 కాల్స్‌ది, చిక్కు ఒక్క సున్నాది

ఆఫీసులకు టెలిఫోన్ కంపెనీ ఇచ్చే పీఆర్‌ఐ లైనులో 32 దారులుంటాయి. మాటలకు పనికొచ్చేవి 30. మిగతా రెంటిలో ఒకటి రెండు కొసల గడియారాలనూ కలపడానికి, ఇంకొకటి ఎవరు ఎవరికి చేస్తున్నారో చెప్పడానికి. ఒక్కో దారిలో సెకనుకు 64 కిలోబిట్లు. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే వచ్చే లెక్క అది.

ఈ లైనును గేట్‌వే అనే పెట్టెకు తగిలించి ఇంటర్నెట్ ఫోన్లకు కలిపితే, అదే మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళ్తుంది. ముక్కకు 160 బైట్ల మాట, దాని మీద 40 బైట్ల చిరునామా. ఈథర్‌నెట్ భారం కూడా కలిస్తే కాల్‌కు సెకనుకు 87.2 కిలోబిట్లు. 30 కాల్స్‌కు అటు 2.6, ఇటు 2.6 మెగాబిట్లు. ఇవాళ్టి ఫైబర్‌కు ఇదో బరువు కాదు. జీ.729 పద్ధతిలో కుదిస్తే కాల్‌కు 31.2 కిలోబిట్లే చాలు. కానీ చవగ్గా దొరికే బ్యాండ్‌విడ్త్ మిగుల్చుకోవడానికి గొంతు పాడుచేసుకోవడం దండగ.

అసలు తలనొప్పి డయల్ ప్లాన్‌తోనే. ఏ నంబరు నొక్కితే కాల్ ఎటు పోవాలో చెప్పే నియమాల పట్టిక అది. చాలా ఆఫీసుల్లో బయటి లైనుకు 0 నొక్కడం అలవాటు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబరుకు ముందు మరో 0 తప్పనిసరైంది. మొదటి 0ను తీసేసే నియమం రాయకపోతే గేట్‌వేకు కనిపించేది 00, అంటే విదేశీ కాల్! విదేశీ నంబర్ల పొడవు ఒకటి కాదు, దేశం కోడ్‌తో కలిపి 15 అంకెల దాకా ఉండొచ్చు. ఇంకా అంకెలొస్తాయేమోనని గేట్‌వే కాచుకుని కూర్చుంటుంది. విదేశీ కాల్స్ మూసేసిన చోటైతే ఫోన్ అసలు మోగదు.

విరుగుడు తేలికే. విజయవాడ 0866 తర్వాత 7 అంకెలు, హైదరాబాద్ 040 తర్వాత 8, మొబైల్‌కు 0 తర్వాత 10. ఏది చూసినా మొత్తం 11. కాబట్టి బయటి లైను 0ను తీసేశాక, మొదట 0, ఆ వెంటనే సున్నా కాని అంకె, మొత్తం 11 అన్న ఒక్క నియమంతో ఎస్‌టీడీ, మొబైల్ రెండూ ఆలస్యం లేకుండా వెళ్తాయి.

ఎక్స్‌టెన్షన్లను 100 నుంచి మొదలుపెట్టడం మాత్రం అంతకన్నా ప్రమాదం. 100 పోలీసులది, 101 అగ్నిమాపక దళానిది, 112 అత్యవసర సహాయానిది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్‌దీ అదే వరుస. లోపలి ఫోన్లకు అవే నంబర్లిస్తే ఆపదలో ఉన్నవాడి కాల్ స్టోర్‌రూములో మోగుతుంది. ఎక్స్‌టెన్షన్లు 201 నుంచి ఇవ్వండి. కరెంటు పోయినా ఆ కాల్స్ వెళ్లేలా గేట్‌వేతో పాటు నెట్‌వర్క్ స్విచ్‌కూ, ఫైబర్ పెట్టెకూ యూపీఎస్ పెట్టించండి.