వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పెద్ద కుటుంబాలకు వసతి

వాల్ట్ డిస్నీ వరల్డ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగరానికి సమీపాన ఉన్న వినోద కేంద్రము. ఇందులో నాలుగు థీమ్ పార్కులు, డిస్నీ సంస్థ స్వయంగా నడిపే ఇరవైకి పైగా హోటళ్ళు ఉన్నాయి. ఈ హోటళ్ళలో తక్కువ అద్దెకు లభించే సాధారణ గదులు నలుగురి కోసం ఏర్పరచినవి. అందుచేత ఐదుగురు లేక అంతకు మించి సభ్యులున్న కుటుంబానికి తగిన గదిని ఎంచుకోవడం కొంత పరిశీలనతో చేయవలసిన పని. ముగ్గురు పిల్లలున్న దంపతులకు, తాతయ్య నాయనమ్మలతో కలిసి ప్రయాణించే కుటుంబాలకు ఈ అవసరం ఎక్కువగా కలుగుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళకు స్వదేశం నుండి తల్లిదండ్రులు వచ్చినపుడు కూడా ఇదే పరిస్థితి ఏర్పడుతుంది.

చరిత్ర

వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న ప్రారంభమైనది. అప్పటికి మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఒక్క పార్కు, కాంటెంపరరీ, పాలినేషియన్ అనే రెండు హోటళ్ళు ఉండేవి. తరువాత ఎప్‌కాట్ (1982), నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలువబడే పార్కు (1989), యానిమల్ కింగ్‌డమ్ (1998) చేరాయి. తక్కువ అద్దె గల ఆల్-స్టార్ హోటళ్ళు 1994 నుండి మొదలయ్యాయి. వీటిలో గది వైశాల్యం సుమారు 260 చదరపు అడుగులు మాత్రమే. పెద్ద కుటుంబాల అవసరాన్ని గుర్తించి, 2000 దశకంలో ఆల్-స్టార్ మ్యూజిక్ హోటల్‌లో రెండేసి గదులను కలిపి ఫ్యామిలీ సూట్‌లుగా మార్చారు. 2012లో ప్రారంభమైన ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్‌లో 1,120 ఫ్యామిలీ సూట్‌లు నిర్మించారు. ఆ హోటల్‌లోని మొత్తం గదులలో ఇవి సగానికి మించి ఉన్నాయి.

సంఖ్యా పరిమితి

ప్రతి గదికి ఎందరు ఉండవచ్చునో ముందుగానే నిర్ణయించబడి ఉంటుంది. పడకల సంఖ్య, అగ్నిప్రమాద భద్రతా నియమాలు దీనికి ఆధారం. మన ఇళ్ళలో బంధువులు వచ్చినపుడు చాపలు పరచుకొని సర్దుకున్నట్లు ఇక్కడ సర్దుకోవడానికి వీలులేదు. పిల్లలు చిన్నవారైనా, ఒకే మంచంపై పడుకోగలిగినా ఒక్కొక్కరు ఒక వ్యక్తిగానే లెక్కకు వస్తారు. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. మూడేళ్ళు నిండని ఒక పసిబిడ్డ తొట్టిమంచంలో పడుకునే పక్షంలో, సాధారణంగా పరిమితికి అదనంగా అనుమతిస్తారు. అనగా రెండేళ్ళ బిడ్డతో కూడిన ఐదుగురి కుటుంబం నలుగురి గదిలో ఉండవచ్చును. అదే బిడ్డకు మూడేళ్ళు నిండితే ఆ గది చాలదు.

గదిలో ఉండబోయే వారందరి పేర్లను రిజర్వేషన్‌లో నమోదు చేయాలి. ఒకరిని తగ్గించి చూపడం నియమ విరుద్ధం. హోటల్ అతిథులకు పార్కులోకి 30 నిమిషాలు ముందుగా లభించే ప్రవేశం వంటి సదుపాయాలు కూడా పేరు నమోదైన వారికే వర్తిస్తాయి.

వసతి రకాలు

ఐదుగురికి: మధ్య తరగతి హోటళ్ళయిన పోర్ట్ ఓర్లియన్స్ రివర్‌సైడ్, కరీబియన్ బీచ్‌లలో కొన్ని గదులలో రెండు పెద్ద మంచాలతో పాటు ఐదవ పడక ఒకటి ఉంటుంది. ఇది చాలా చిన్నది, పసివారికి తప్ప పెద్దలకు సరిపోదు. ఐదవ వ్యక్తి పెద్దవారైతే కాంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, బీచ్ క్లబ్ వంటి ఖరీదైన హోటళ్ళలో ఐదుగురికి అనుమతి ఉన్న గదులను చూడవలసి ఉంటుంది. ఖరీదైన హోటళ్ళన్నిటిలోను ఐదుగురికి చోటు ఉంటుందని భావించరాదు. వైల్డర్‌నెస్ లాడ్జ్‌లోని సాధారణ గది నలుగురికే.

ఆరుగురికి: ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ ఫ్యామిలీ సూట్ వైశాల్యం సుమారు 565 చదరపు అడుగులు. ఇందులో ఒక పడకగది, రెండు స్నానాల గదులు, చిన్న వంట సదుపాయం ఉంటాయి. పడకగదిలోని మంచం కాక, ముందు గదిలోని సోఫా ఒక పడకగాను, భోజనాల బల్ల మరొక పడకగాను మారుతాయి. 2019 నుండి ఈ హోటల్ ప్రాంగణం నుండి ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్‌లకు తీగమార్గంపై నడిచే స్కైలైనర్ వాహనాలు తిరుగుతున్నాయి. ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లోని క్యాబిన్‌లలో కూడా ఆరుగురు ఉండవచ్చును. పూర్తి వంటగది ఉన్నప్పటికీ స్నానాల గది ఒక్కటే కావడం వీటిలోని లోపం.

ఎనిమిది నుండి పన్నెండు మందికి: డిస్నీ వెకేషన్ క్లబ్ విల్లాలలో రెండు పడకగదులవి ఎనిమిది లేక తొమ్మిది మందికి, మూడు పడకగదుల గ్రాండ్ విల్లాలు పన్నెండు మందికి సరిపోతాయి. వీటిలో పూర్తి వంటగది, బట్టలు ఉతికే యంత్రం ఉంటాయి. శాకాహారులకు, పథ్యం పాటించే వృద్ధులకు వంటగది ఎంతో ఉపయోగకరం. విల్లాలను డిస్నీ సంస్థ నుండి నేరుగా గాని, క్లబ్ సభ్యుల వద్ద ఉన్న పాయింట్లను అద్దెకు తీసుకొని గాని పొందవచ్చును. రెండవ పద్ధతిలో ధర తరచుగా తక్కువ, కాని రద్దు నిబంధనలు కఠినంగా ఉంటాయి.

రెండు గదులు తీసుకొనుట

రెండు సాధారణ గదులు తీసుకోవడం మరొక మార్గం. ఆల్-స్టార్ హోటళ్ళలో రెండు గదుల అద్దె ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ సూట్ అద్దె కంటే తక్కువగా ఉండే రోజులు అనేకం. పైగా ఎనిమిది మందికి అనుమతి, రెండు స్నానాల గదులు, నాలుగు పెద్ద పడకలు లభిస్తాయి.

అయితే ఇక్కడ రెండు మాటల మధ్య భేదం తెలిసి ఉండాలి. 'అడ్జాయినింగ్' గదులంటే పక్కపక్కన ఉన్న గదులు మాత్రమే. ఒకదాని నుండి మరొకదానికి పోవాలంటే బయటి తలుపు తెరవాలి. 'కనెక్టింగ్' గదులంటే మధ్య గోడలో తలుపు ఉన్నవి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు కావలసినది రెండవ రకమే. రెండు రిజర్వేషన్‌లు చేసినంత మాత్రాన గదులు పక్కపక్కన వస్తాయనే భరోసా లేదు. కనెక్టింగ్ గదులు కావాలని కోరి, అది కేవలం విన్నపంగా నమోదైనదా లేక ఖాయమైనదా అని అడిగి తెలుసుకోవాలి. ప్రతి గదికి 18 ఏళ్ళు నిండిన వ్యక్తి ఒకరైనా ఉండాలి. ఒక్క పెద్దవారితో వచ్చే పెద్ద కుటుంబానికి మధ్య తలుపు లేనిదే ఈ ఏర్పాటు సాధ్యం కాదు.

ఖర్చు

అద్దెలు తేదీని బట్టి మారుతాయి. క్రిస్మస్ వారంలోను, వసంత కాలపు బడి సెలవులలోను అవి బాగా పెరుగుతాయి. ఫ్యామిలీ సూట్‌లు, విల్లాలు సాధారణ గదుల కంటే తక్కువ సంఖ్యలో ఉన్నందున ముందుగా నిండిపోతాయి. ధరలను పోల్చునపుడు ఈ విషయాలను గమనించాలి.

* ప్రకటించిన అద్దెకు పన్ను అదనం. డిస్నీ హోటళ్ళలో అధిక భాగం ఉన్న ఆరెంజ్ కౌంటీలో ఇది 12.5 శాతం.
* ఒకే గదిలో ఇద్దరికి మించి పెద్దలు ఉంటే అదనపు రుసుము ఉండవచ్చును. తాతయ్య నాయనమ్మలతో వెళ్ళేవారు దీనిని లెక్కలో చేర్చాలి.
* కిస్సిమ్మీ పరిసరాలలో అద్దెకు దొరికే ఇళ్ళు విశాలమైనవి, తలకు పడే ఖర్చు తక్కువ. కాని కారు, పార్కింగ్ రుసుము, ప్రయాణ సమయం తోడవుతాయి.

కనుక గది అద్దెను కాక, తలకు ఎంత పడుతున్నదో, ఎన్ని నిజమైన పడకలు, ఎన్ని స్నానాల గదులు లభిస్తున్నాయో చూడడం మేలు. ఉదయం ఆరుగురు ఒకేసారి పార్కుకు బయలుదేరవలసినపుడు రెండవ స్నానాల గది విలువ తెలుస్తుంది.

ఇతర థీమ్ పార్కులు

ఇటువంటి ఏర్పాట్లు ఇతర పార్కులలో కూడా ఉన్నాయి. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ సంస్థకు చెందిన కబానా బే (2014) హోటల్‌లో ఆరుగురి ఫ్యామిలీ సూట్‌లు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1992లో ప్రారంభమైన పారిస్ డిస్నీల్యాండ్‌లో గదులు చాలావరకు నలుగురివే. అక్కడ డేవీ క్రాకెట్ రాంచ్‌లోని క్యాబిన్‌లలో ఆరుగురి వరకు ఉండవచ్చును.

ఇవి కూడా చూడండి

* వాల్ట్ డిస్నీ
* ఓర్లాండో
* ఫ్లోరిడా