బొమ్మకు సూది వేసే చెయ్యి

“అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా!” సాయంత్రంపూట సీతాఫల్‌మండి గల్లీల్లో నడిస్తే ఏదో ఒక గుమ్మంలోంచి ఈ మాట వినిపిస్తుంది. బూచివాడి పనిని డాక్టరుకు అప్పజెప్పేశాం. ఆనక అదే బిడ్డను దవాఖానాకు తీసుకెళ్లి, ఏడుస్తోందని విసుక్కుంటాం.

ఈ భయానికి నొప్పి ఒక్కటే మూలం కాదు. ఎవరో కొత్త మనిషి చొక్కా పైకెత్తి చల్లటి స్టెతస్కోపు ఆనిస్తాడు. కదలకుండా అమ్మే గట్టిగా పట్టుకుంటుంది. తరవాత ఏం జరుగుతుందో తెలియదు, వద్దంటే ఆగేవాళ్లు లేరు. డాక్టరాట ఈ రెండు లోట్లనూ కొంత తీరుస్తుంది. దాదాపు రెండేళ్ల వయసుకు పిల్లలు ఒక వస్తువును మరొకటిగా ఊహించుకోగలరని స్విస్ శాస్త్రవేత్త పియాజే వివరించారు. ఇసుకను అన్నంగా వండి గుజ్జనగూళ్లు ఆడే పిల్లకు పెన్ను థర్మామీటరు కావడానికి ఎంతసేపు?

1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి గురించి రాశారు. వాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చారు, భయం పోయింది. బొమ్మాటదీ అదే దారి. పైగా ఇక్కడ కుందేలును దగ్గరకు తెచ్చే చెయ్యి పిల్లదే.

కాబట్టి పిల్లే డాక్టరు కావాలి, బొమ్మ రోగి. పెద్దలు చాలామంది తామే డాక్టరై పిల్లను పొడుస్తారు. అది బెదిరింపుకు కొనసాగింపే. మొదట స్టెతస్కోపు, తరవాత నాలుక, చివర్న సూది. మందు పోయడానికి ఇచ్చే సూదిలేని సిరంజి చాలు. అయిదారేళ్లకు వేసే డీపీటీ బూస్టరు జబ్బకు పడుతుంది, బొమ్మకూ అక్కడే వేయించాలి. “అసలు నొప్పే ఉండదు” అన్న అబద్ధం ఆటలోనూ పనికిరాదు. బొమ్మను ఏడవనివ్వాలి.

దవాఖానా అంటే సూదే కాదనీ తెలియాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఊతంతో 1970లో మొదలైన పథకం కింద అయిదేళ్లలోపు పిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్ ఎ మందు పోస్తున్నారు. బొమ్మకూ ఓ చెంచాడు పోయవచ్చు.

నెలల పిల్లలకు ఈ ఆట అందదు. టీకా వేసేటప్పుడు వాళ్లకు ఒడి, తల్లిపాలు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

జర్మనీ వంటి దేశాల్లో వైద్య విద్యార్థులు టెడ్డీబేర్ ఆసుపత్రులు నడుపుతారు. పిల్లలు తమ బొమ్మలను తెచ్చి చూపించుకుంటారు. గాంధీ వైద్య కళాశాల సీతాఫల్‌మండికి ఎంతో దూరం లేదు. మన అంగన్‌వాడీల్లోనూ ఇలాంటిది పెట్టవచ్చు.

టీకా వేయించుకుని ఇంటికొచ్చిన రోజు ఆ బొమ్మకు పది సూదులు పడవచ్చు. “పాపం, ఇక చాలు” అని సిరంజి లాక్కోకండి. పిల్ల తనకు జరిగినదాన్ని అరిగించుకుంటోంది.