మూత్రపిండములోని మూడుపాయల వల

తిరువూరు, నెమలి పరిసర గ్రామములవారికి మూత్రపిండవ్యాధిని గూర్చి క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. చేరువనున్న ఏ. కొండూరు మండలపు తండాలలో ఎన్నో కుటుంబములు ఈ వ్యాధిచేత బాధలు పడినవి. వ్యాధి మాట వచ్చినపుడెల్ల నీటిని గూర్చి, మందులను గూర్చి చర్చ సాగుచుండును. అంతకు ముందు తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. మూత్రపిండము రక్తమును దేనితో వడగట్టుచున్నది?

ఆరోగ్యవంతుని మూత్రపిండములు రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అందులో లీటరున్నర మాత్రమే మూత్రముగా వెలికి వచ్చును. తక్కినది మరల రక్తములోనికే చేరును. ఒక్కొక్క మూత్రపిండమునందు సుమారు 10 లక్షల వడపోత గుచ్ఛములు గలవు. ప్రతి గుచ్ఛములోను సన్నని రక్తనాళముల గోడను ఆనుకొని ఒక పలుచని పొర యుండును. దీనినే ఆధారత్వచ మందురు. దాని మందము తలవెంట్రుక మందములో ఇంచుమించు 200వ వంతు. రక్తపు ఒత్తిడి రేయింబవళ్లు దానిపై పడుచునే యుండును. అయినను అది చిరుగదు. కారణము కొల్లాజెన్ అను మాంసకృత్తు.

కొల్లాజెన్ మనకు పరాయి వస్తువు కాదు. చర్మమునకు, ఎముకకు, స్నాయువులకు పట్టునిచ్చునది ఇదియే. దాని అణునిర్మాణము మన పొరుగుననే, మదరాసులో, వెల్లడియైనది. 1952లో మదరాసు విశ్వవిద్యాలయమునకు వచ్చిన జి. ఎన్. రామచంద్రన్, తన సహచరుడు గోపీనాథ్ కర్తాతో కూడి, ఎక్స్ కిరణముల చిత్రములను పరిశీలించి 1954లో ఒక నమూనాను ప్రకటించెను. 1955లో దానిని సవరించి మరింత బాగుపరచిరి. పరీక్షకు వలసిన కంగారూ తోక స్నాయువు ఆ నగరమందలి కేంద్ర చర్మపరిశోధన సంస్థనుండి లభించినది. తెనాలి ప్రాంతపు యలవర్రులో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958 మొదలు 1971 వరకు డైరెక్టరుగా నడిపినది ఆ సంస్థనే.

వారు కనుగొన్న రూపమును మూడుపాయల జడతో పోల్చవచ్చును. ఒక్కొక్క పాయ ఎడమవైపునకు మెలికపడి యుండును. మూడు పాయలును కలిసి కుడివైపునకు పెనవేసికొనును. పాయలోని ప్రతి మూడవ స్థానమున గ్లైసిన్ అను మిక్కిలి చిన్న అమైనో ఆమ్ల ముండును. జడ నడుమ నున్న ఇరుకులో అంతకంటె పెద్దది పట్టదు. ఈ జడ సడలకుండ నిలుచుటకు సి విటమిను సాయమున జరుగు ఒక రసాయనిక మార్పును అవసరము. ఉసిరి, నిమ్మ, జామ వంటివి బొత్తిగా లేని ఆహారముచేత చిగుళ్లనుండి రక్తము కారుటకు ఇదియే కారణము.

స్నాయువునందు ఈ జడలు ప్రక్కప్రక్కన చేరి మోకువలె నగును. మోకు బరువు లాగుటకు తగును గాని వడపోతకు తగదు. వడపోతకు వల కావలెను. ఆధారత్వచమునందలి కొల్లాజెన్‌ను శాస్త్రజ్ఞులు నాలుగవ రక మందురు. ఇందు గ్లైసిన్ నియమము ఇరువదికి పైగా తావులలో తప్పును. ఆ తావులలో అణువు వంగగలదు. ఎముకలోని కొల్లాజెన్‌కు ఇట్టి తప్పు దాపురించినచో ఎముకలు పెళుసుబారును. ఇచట మాత్రము ఆ తప్పులే వలకు ఒదుగుబాటు నిచ్చుచున్నవి. అణువు ఒక కొననుండి నాలుగు అణువులు కలిసి ముడిపడును. రెండవ కొననున్న బుడిపెల వద్ద రెండేసి అణువులు జతపడును. ఇట్లు వల యేర్పడుచున్నది. ఈ బుడిపెలను గంధక పరమాణువునకు నత్రజని పరమాణువునకు నడుమ నేర్పడు ఒక విశేషబంధము బిగించుచున్నదని 2009లో తెలిసినది. ఆ బంధమునకు లేశమాత్రము బ్రోమిన్ అవసరమని 2014లో తేలినది.

వలలో ఒక పాయ చెడినచో ఏమగును? 1927లో ఆల్పోర్టు అను వైద్యుడు బ్రిటన్‌లోని ఒక కుటుంబమున మూత్రములో రక్తము పడుట, చెవుడు కలిసి వచ్చుటను వర్ణించెను. మూత్రపిండమునందును లోచెవియందును ఒకే విధమైన కొల్లాజెన్ వల యుండుటయే ఆ రెంటికిని గల సంబంధమని తరువాత తెలిసినది. దోషము తరచుగా ఎక్స్ క్రోమోసోముపై నుండుటచే మగపిల్లలకు బాధ హెచ్చు. మధుమేహమునందు పాయలు చెడవుగాని పొర క్రమముగా మందమెక్కును. మందమెక్కినను వడపోత మెరుగుపడదు. పైగా నిలువవలసిన ఆల్బుమిన్ కారిపోవును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఉద్దానము వంటి ప్రాంతములలో కనిపించు వ్యాధి సాధారణముగా ఈ వలయందు గాక, దాని దిగువనున్న సన్నని గొట్టములయందు మొదలగును. కావున మూత్రములో మాంసకృత్తు స్వల్పముగా నున్నదని ధైర్యపడి యూరకుండరాదు. రక్తములోని క్రియాటినిన్ కొలతను గూడ చూపించుకొనవలెను. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏటేట ఈ రెండు పరీక్షలును చేయించుకొనుట మేలు. పిల్లవాని మూత్రము ఎఱ్ఱబారినను, బంధువులలో చిన్ననాటనే చెవుడు వచ్చినవారున్నను ఆ సంగతిని వైద్యునకు తప్పక చెప్పవలెను. తెగిన వలను తిరిగి అల్లు మందు లేదు. ముందుగా గుర్తించినచో మిగిలిన వలపై పడు ఒత్తిడిని తగ్గించి, దానిని పెక్కేండ్లు కాపాడు మందులు కలవు.