బేబ్ రూత్ ఎంత సంపాదించాడు? ఎంత మిగిలింది?



మనకి కబడ్డీ తెలుసు, ఖోఖో తెలుసు, క్రికెట్ సంగతి సరేసరి. అమెరికా వాళ్ళకి అంత ఇష్టమైన ఆట బేస్ బాల్. జట్టుకి తొమ్మిది మంది. ఒకడు బంతి విసురుతాడు, అవతలి జట్టువాడు గుండ్రటి కర్రతో కొడతాడు. కొట్టినవాడు నాలుగు మూలల్లో వున్న నాలుగు 'బేసు'లు చుట్టి వస్తే ఒక పరుగు. బంతి ఏకంగా మైదానం అవతల పడితే దాన్ని 'హోమ్ రన్' అంటారు. మన సిక్సర్ లాంటిదన్నమాట.

ఈ ఆటలో అందరికంటే పెద్ద పేరు బేబ్ రూత్ ది. ఆయన జీవితంలో 714 హోమ్ రన్ లు కొట్టాడు. 1974లో హాంక్ ఆరన్ దాటేవరకు ఆ రికార్డు అలాగే వుంది. ఆట గురించి చాలామంది రాశారు. మనం ఆయన డబ్బు గురించి తెలుసుకుందాం. ఎందుకంటే సంపాదన వేరు, ఆస్తి వేరు. ఈ తేడా రూత్ కథలో బాగా తెలుస్తుంది.

హాస్టల్ పిల్లవాడు

రూత్ 1895లో బాల్టిమోర్ పట్నంలో పుట్టాడు. తండ్రిది సారా దుకాణం. పిల్లవాడు బడికి పోకుండా వీధుల్లో తిరుగుతున్నాడని 1902లో, ఏడేళ్ళ వయసులో, సెయింట్ మేరీస్ అనే ఆశ్రమ పాఠశాలలో చేర్పించారు. మధ్యమధ్య ఇంటికి వెళ్ళినా ఎక్కువ కాలం అక్కడే పెరిగాడు. అక్కడ చదువుతోపాటు చేతిపని కూడా నేర్పేవారు. రూత్ చొక్కాలు కుట్టడం నేర్చుకున్నాడు. బేస్ బాల్ నేర్పింది బ్రదర్ మాథియాస్ అనే గురువు.

1914లో బాల్టిమోర్ జట్టు యజమాని జాక్ డన్ వచ్చి రూత్ ని తీసుకెళ్ళాడు. జీతం ఏడాదికి 600 డాలర్లు. అప్పటికి రూత్ మేజరు కాలేదు కాబట్టి డన్ సంరక్షకుడిగా సంతకం పెట్టాల్సి వచ్చింది. అందుకే తోటి ఆటగాళ్ళు 'డన్ గారి పసివాడు' అని ఎగతాళి చేశారు. 'బేబ్' అంటే పసివాడు అనే అర్థం. ఆ పేరే నిలిచిపోయింది.

జీతం ఎలా పెరిగింది?

అదే ఏడాది డన్ రూత్ ని బోస్టన్ జట్టుకి అమ్మేశాడు. అవును, అమ్మడమే! ఆ రోజుల్లో ఒకసారి సంతకం పెడితే ఆటగాడు జట్టు యజమాని చేతిలో వున్నట్టే. తనంతట తాను వేరే జట్టుకి పోవడానికి వీల్లేదు. 1919 డిసెంబరులో బోస్టన్ యజమాని రూత్ ని న్యూయార్క్ యాంకీస్ జట్టుకి లక్ష డాలర్లకి అమ్మాడు. ఆ లక్షా యజమానికే చేరింది. ఆడేది రూత్, ధర పలికింది రూత్ కి, డబ్బు మాత్రం ఇంకొకరి జేబులోకి!

అయినా జీతం పెరుగుతూ వచ్చింది. ఈ పట్టిక చూడండి.

1914 – 600 డాలర్లు
1919 – 10,000 డాలర్లు
1920 – 20,000 డాలర్లు
1922 – 52,000 డాలర్లు
1927 – 70,000 డాలర్లు
1930 – 80,000 డాలర్లు

1922లో ఆయన వారానికి వెయ్యి డాలర్లు కావాలన్నాడట. ఏడాదికి 52 వారాలు కదా, అందుకే 52,000. 1930లో అమెరికా ప్రెసిడెంటు జీతం 75,000 డాలర్లే. మామూలు కార్మికుడికి ఏడాదంతా కష్టపడినా రెండు వేలు కూడా వచ్చేవి కావు.

అంత జీతం ఊరికే ఇస్తారా? 1920లో రూత్ 54 హోమ్ రన్ లు కొట్టాడు. ఆ ఏడాది యాంకీస్ ఆటలకి 12 లక్షల 89 వేల మంది టిక్కెట్టు కొని వచ్చారు. అంతకుముందు ఏ జట్టుకీ పది లక్షల మంది రాలేదు. 1923లో యాంకీస్ కొత్త స్టేడియం తెరిస్తే జనం దానికి 'రూత్ కట్టిన ఇల్లు' అని పేరు పెట్టారు. అంటే యజమానికి రూత్ ఖర్చు కాదు, రాబడి.

చేతికి వచ్చింది, చేతిలోంచి పోయింది

రూత్ చెయ్యి నిలకడ లేనిది. కార్లు, విందులు, గుర్రప్పందాలు. 1925లో క్రమశిక్షణ తప్పినందుకు 5,000 డాలర్ల జరిమానా కూడా పడింది. దానం కూడా అలాగే చేసేవాడు. 1919లో సెయింట్ మేరీస్ బడి అగ్నిప్రమాదంలో కాలిపోతే, మరుసటి ఏడాది ఆ బడి బ్యాండు పిల్లల్ని జట్టుతోపాటు ఊరూరా తిప్పి చందాలు పోగుచేయడానికి సాయపడ్డాడు. గురువు మాథియాస్ కి కారు కొనిపెట్టాడు.

ఇలాగే సాగితే చివరికి ఏమీ మిగిలేది కాదు. కానీ 1921లో క్రిస్టీ వాల్ష్ అనే ఏజెంటు వచ్చాడు. ఆటకి బయట, పత్రికల్లో రూత్ పేరుతో వ్యాసాలు వేయించి, ప్రకటనల్లో కనిపించేలా చేసి అదనపు రాబడి తెచ్చాడు. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి చేశాడు. రూత్ చేతికి రాకముందే కొంత డబ్బు పక్కన పెట్టించాడు. బీమా కంపెనీలో ఇప్పుడు కడితే తరువాత ఏటా కొంత కొంత తిరిగి వచ్చే పద్ధతి అది.

మన ఇళ్ళల్లో ఎంత కరువొచ్చినా పెద్దవాళ్ళు విత్తనాల బుట్ట ముట్టుకోరు కదా! వాల్ష్ చేసింది ఆ పనే.

1929 అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ కూలిపోయింది. లక్షలాది మంది దివాళా తీశారు. రూత్ డబ్బు భద్రంగా వుంది. తరువాత జీతం తగ్గుతూ 1934కి 35,000కి దిగింది. 1935లో ఆట మానేశాడు. జట్టుకి మేనేజరు కావాలని ఎంతో ఆశపడ్డాడు, ఎవరూ ఆ పని ఇవ్వలేదు. అయినా 1948లో కాన్సర్ తో చనిపోయేవరకు డబ్బుకి ఇబ్బంది పడలేదు. ఆటలో వచ్చిన జీతం మొత్తం కలిపితే సుమారు తొమ్మిది లక్షల డాలర్లు. ఆయన్ని కాపాడింది ఆ తొమ్మిది లక్షలు కాదు, అందులోంచి పక్కన పెట్టిన భాగం.

అందరికీ తలుపు తెరవలేదు

ఒక సంగతి మరచిపోకూడదు. రూత్ ఆడినంత కాలం పెద్ద జట్లలోకి నల్లజాతి వాళ్ళని రానివ్వలేదు. జాష్ గిబ్సన్ గొప్ప హోమ్ రన్ వీరుడు. కానీ నల్లవాళ్ళ జట్లలోనే ఆడి, 1947 జనవరిలో 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలల తరువాత, ఏప్రిల్ లో, జాకీ రాబిన్సన్ ఆ తలుపు తెరిచాడు. ఆయన మొదటి జీతం 5,000 డాలర్లు. నేర్పు ఒక్కటే చాలదు, ఆడనిచ్చే న్యాయం కూడా వుండాలి.

ఆటగాళ్ళని యజమానులు కట్టిపడేసే నియమం 1975లో పోయింది. తరువాత జీతాలు ఆకాశానికి అంటాయి. 2023లో జపాను ఆటగాడు షోహెయ్ ఓతాని లాస్ ఏంజెలిస్ జట్టుతో పదేళ్ళకి 70 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకున్నాడు. రూత్ లాగే ఈయనా బంతి విసరడంలోనూ, కొట్టడంలోనూ దిట్ట. ఏటా 20 లక్షలు తీసుకుని, మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు ఇవ్వమన్నాడు. ఇంత డబ్బున్నవాడు కూడా రేపటికి దాచుకుంటున్నాడు చూశారా!

లెక్క చేయండి: 1930లో రూత్ జీతం 1914 జీతానికి ఎన్ని రెట్లు? జవాబు వచ్చే సంచికలో.