కాలు పోయిన సహోదరుడు మళ్లీ గడప దాటాలంటే



దోమ, తాండూరు ప్రాంతాల సంఘాలలో షుగరు పుండు ముదిరో, రోడ్డు ప్రమాదంలోనో కాలు తీసివేయించుకున్నవారిని మేము పరామర్శిస్తుంటాము. ప్రార్థించి, పండ్లు చేతిలో పెట్టి వచ్చేస్తాము. నెలలు గడిచినా ఆ సహోదరుడు మంచం దిగడు. గాయం మానితే పని అయిపోయిందని మనం అనుకోవడమే ఇందుకు కొంత కారణం. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

మొదట, మిగిలిన కాలును కాపాడుకోవాలి. హాయిగా ఉంటుందని ఇంటివారు మోకాలి కింద దిండు పెడతారు. రోజుల తరబడి అలాగే ఉంటే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, తరువాత కృత్రిమ కాలు అమర్చడం కష్టమవుతుంది. కాలు చాపి ఉంచాలి. వాపు తగ్గడానికి సాగే కట్టు ఎలా కట్టాలో ఫిజియోథెరపిస్టు నేర్పుతారు.

లేని పాదం నొప్పి పెడుతోందని అతడంటే నవ్వకండి, దయ్యమని భయపడకండి. తెగిన నరాల వల్ల, మెదడు ఆ పాదాన్ని ఇంకా మరచిపోకపోవడం వల్ల వచ్చే నిజమైన నొప్పి అది. దానికి చికిత్స ఉంది.

1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ రూపొందించిన జైపూర్ పాదం మన పల్లె బతుకుకు తగినది. చెప్పులు లేకుండా పొలంలో నడవవచ్చు, నేల మీద కూర్చోవచ్చు. జైపూర్‌లో 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీనిని ఉచితంగా అమరుస్తోంది. ఈ పాదంతోనే సుధాచంద్రన్ మళ్లీ నాట్యం చేసిందని 1985లో వచ్చిన 'మయూరి' చూసినవారికి తెలుసు. మోకాలి పైన తీసినవారికి మాత్రం సాధన ఎక్కువ కావాలి.

కొత్త కాలు మొదట కొద్దిసేపే తొడగాలి. విప్పాక చర్మం చూసుకోవాలి. పుండు పడితే తొడగడం ఆపి, అమర్చినవారికి చూపించాలి. సాక్సు రోజూ ఉతకాలి. షుగరు ఉన్నవారు రెండో పాదాన్ని ప్రతి రాత్రీ పరీక్షించుకోవాలి. ప్రార్థిస్తున్నామని మాత్రలు మానకూడదు.

మన ఇళ్లలో పరచిన తాండూరు బండలు తడిస్తే జారుతాయి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, కూర్చోవడానికి స్టూలు పెట్టండి.

ఇక సంఘం వంతు. మందిరంలో అందరూ చాప మీద కూర్చున్నా అతనికొక కుర్చీ వేయండి. మెట్ల పక్కన వాలుగా దారి కట్టండి. సదరం శిబిరానికి తోడు వెళ్లండి. మెఫీబోషెతు రెండు కాళ్లూ కుంటివి. దావీదు అవి బాగుపడేదాకా ఆగలేదు, తన భోజనపు బల్ల దగ్గర చోటిచ్చాడు. మన సంఘంలోనూ ఆ చోటు సిద్ధంగా ఉండును గాక.